ట్యాబు తాళపుచెవి యెవరియొద్ద నుండవలెను?

మన సహకార సంఘములలో ఇనుపపెట్టెకు రెండు తాళములు వేయుట పెద్దలు నేర్పిన పద్ధతి. ఒక చెవి అధ్యక్షునియొద్దను, రెండవది కార్యదర్శియొద్దను ఉండును. ఇరువురును కూడినగాని పెట్టె తెఱవబడదు. ఇప్పుడు సంఘపు లెక్కలే పెట్టె విడిచి యంత్రమున కెక్కుచున్నవి. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. ఇది మంచి పనియే. కాని క్రొత్త పెట్టెకు తాళము మాట యెవరును తలపెట్టరు.

ట్యాబు చేరిన కార్యాలయమున నలుగురు గుమాస్తాలు దానినే వాడుదురు. నగరి ప్రాంతమున చెఱకు రైతు అప్పునకు వచ్చినను, మామిడితోట రైతు ఎరువునకు వచ్చినను, ఆతని ఆధారు కార్డును, పట్టాదారు పాసుపుస్తకమును ఫోటో తీసి అందే యుంచుట సులభము. పెట్టెలో రూపాయి పోయిన సాయంత్రము లెక్కలో తేలును. ఫోటోను ఒకడు తన ఫోనునకు పంపుకొనినను అసలు ఫోటో ఉన్నచోటనే యుండును గనుక, పోయినట్లే తెలియదు.

ఆండ్రాయిడ్ ట్యాబులలో ఒక్కొక్కరికి వేర్వేరు ఖాతా లిచ్చు సదుపాయము 2012 నుండియే యున్నది. కొన్ని కంపెనీలవారు దానిని తీసివేయుదురు. కొనుటకు ముందే చూచుకొనవలెను. మొదటి ఖాతా గలవాడే యజమాని, అనగా అడ్మిన్. ఇతరులను చేర్చుటయు, తొలగించుటయు, యంత్రము నంతయు తుడిచివేయుటయు ఆతని వశము. ఒకరి ఫోటోలు మఱియొకరికి కానరావు. ఇంత యేర్పాటుండగా మనవారు ఒకే ఖాతాకు 1234 అను పిన్ పెట్టి అందఱికిని చెప్పుదురు! పొరపాటు దొరలిననాడు ప్రతివాడును "నేను కా"నని యనును. అందు నిజముగా నిర్దోషియైనవాడు సైతము తన్ను కాపాడుకొనజాలడు.

కార్యదర్శిని నమ్మరా యని కొందఱు కోపింతురు. రెండు తాళములు పెట్టిన పెద్దలు కార్యదర్శిని దొంగ యని తలచి పెట్టలేదు గదా! పైగా అడ్మిన్ ఖాతా ఒకరి సొంత పేరనుండి, ఆయన బదిలీయై పోయి పిన్ మఱచెననుకొందము. యంత్రమును తుడుచుట దప్ప వేఱు దారి యుండకపోవచ్చును. తుడిచిన పిదపను అది సాధారణముగా ఆ పాత పిన్‌నో, ఆయన గూగులు పాస్‌వర్డునో యడుగును.

కావున అడ్మిన్ ఖాతా సంఘము పేరనే యుండవలెనని మా యభిప్రాయము. దాని పిన్‌ను లక్కముద్ర వేసిన కవరులో నుంచి, ఇరువురి సంతకములతో ఇనుపపెట్టెలో భద్రపఱచవలెను. దినదినపు పనికి కార్యదర్శియు సామాన్య ఖాతానే వాడవలెను. గుమాస్తా పని మానిననాడే ఆతని ఖాతా తొలగింపవలెను.

రైతు సోదరులారా, సర్వసభ్య సమావేశమున ఎరువుల నిల్వ యెంత యని యడుగునట్లే, ఈ ట్యాబునకు అడ్మిన్ ఎవరు, ఆ పిన్ ఎందఱికి తెలియును అనియు నడుగుడు. వచ్చిన జవాబును మినిట్సు పుస్తకమున వ్రాయించుడు.