చేవ చెక్కకే కాదు... గోడకూ కావాలి!

ఖమ్మంలో మా పెదనాన్న ఇల్లు కట్టుకున్నారు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో పెద్ద మొత్తమే హాలుకు ఖర్చుపెట్టారు. టీవీ ఉండే గోడ మొత్తానికీ టేకు చెక్కలు, పైన సీలింగ్‌కూ అవే! గృహప్రవేశానికి వెళ్లినవాళ్లంతా ఆ గోడ దగ్గరే నిలబడిపోయారు. తడిమి చూసినవాళ్లు కొందరు, ముక్కు ఆనించి వాసన చూసినవాళ్లు కొందరు. ఆ రోజు పెదనాన్న ముఖంలో వెలుగు చూసి తీరాల్సిందే.

రోహిణి కార్తె ఎండల్లో బిగించిన చెక్కలవి. శ్రావణం వచ్చేసరికి చెక్కకూ చెక్కకూ మధ్య ఉన్న సన్నటి గీతలు మూసుకుపోయాయి. ఆ తర్వాత గోడ మధ్యలో నాలుగైదు చెక్కలు పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చాయి. రెండో వానాకాలంలో కింది బీడింగ్ మీద మట్టితో గీసినట్టు ఓ దారి కనిపించింది. చెదలు! ఫోన్లో పెదనాన్న అడిగింది ఒకటే మాట.

‘‘టేకుకు చెద పట్టదన్నారే అమ్మాయ్?’’

నిజమే, పట్టదు. మరి ఎలా పట్టింది? చెక్కలు ఊడదీస్తే గానీ జవాబు దొరకలేదు. ఆ జవాబే ఈ వారం మీకు చెప్పాలని.

చెక్క వెనక ఏముంది?

ఆ గోడకు అవతల స్నానాలగది. పైపు దగ్గర సన్నటి ఊట. గోడంతా చెమ్మ. ఆ చెమ్మ మీదే రీపర్లు కొట్టారు. పైన కనిపించేది టేకు... లోపల కనిపించని రీపర్లు మాత్రం చవక కలప. చెదకు విందు భోజనం అక్కడే దొరికింది. అక్కణ్నుంచి టేకు చెక్కల అంచులకు పాకింది.

అంచులకే ఎందుకంటే, అక్కడ చెక్క తెల్లగా ఉంది. చెట్టు మధ్యలో ముదిరిన భాగాన్నే మనవాళ్లు చేవ అంటారు. టేకులో సహజంగా ఉండే నూనెలు, చెదను దూరంగా ఉంచే గుణం ఉండేది ఆ చేవలోనే. బెరడును ఆనుకుని ఉండే తెల్లటి భాగానికి ఆ రక్షణ లేదు. పేరుకు రెండూ టేకే, బిల్లులో రెండింటికీ ఒకటే ధర!

అందుకే కొనేటప్పుడు చెక్క రెండు వైపులా, అంచులూ తిప్పి చూడండి. బంగారు రంగు కలిసిన గోధుమవర్ణం, చేతికి కాస్త జిడ్డుగా తగలడం, కోసినప్పుడు తోలును గుర్తుచేసే వాసన... ఇవీ చేవ గుర్తులు. తెల్లటి అంచులున్న చెక్కలను నిర్మొహమాటంగా పక్కన పెట్టించండి.

ముందు గోడకు పరీక్ష

కలప అడితికి వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు వదిలేయండి. తీసి చూసినప్పుడు గోడ వైపు తడి పేరుకుని ఉంటే ఆ గోడకు చెక్క పనికిరాదు. ముందు ఊట ఎక్కడుందో వెతికి బాగుచేయించాలి. స్నానాలగది, వంటింటి సింకు, డాబా నీళ్లు దిగే గొట్టం... వీటిని ఆనుకుని ఉన్న గోడలనైతే తప్పకుండా పరీక్షించాలి.

కొత్త ఇల్లయితే తొందర వద్దు. సిమెంటు పూతలో నీళ్లు ఆరడానికి నెలలు పడుతుంది. ఒక వానాకాలం గడిచాక గోడ పొడిగా ఉందని తేల్చుకుని మొదలుపెడితే నిశ్చింత. గృహప్రవేశం నాటికి అన్నీ పూర్తవ్వాలన్న పట్టుదలే చాలా ఇళ్లలో కొంప ముంచుతోంది.

ఏ ఊరి టేకు?

‘బర్మా టేకండీ’ అనగానే మనకు గౌరవం పుట్టుకొస్తుంది. ఒకప్పుడు మన కోస్తా నుంచి ఎందరో ‘రంగం’ వెళ్లొచ్చారు కాబట్టి ఆ పేరు మన ఇళ్లలో పాతుకుపోయింది. అయితే 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని ఆపేసింది. కాబట్టి ‘బర్మా దుంగ’ అని ఎవరైనా అంటే ఒకటికి రెండుసార్లు అడగండి. ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల తోటల్లో పెంచిన టేకు కూడా మన మార్కెట్లోకి వస్తోంది. అది చెడ్డదేం కాదు. కాకపోతే త్వరగా కొట్టేసిన లేత చెట్లలో చేవ తక్కువ, తెలుపు ఎక్కువ. చూసి ఏరుకోవాలి.

మన చుట్టుపక్కల టేకుకేం తక్కువ? ఆదిలాబాద్ అడవుల పేరు తెలిసిందే. చంద్రపూర్, బల్లార్షా వైపు నుంచి వచ్చేదాన్ని వ్యాపారులు సీపీ టేకు అంటారు. అయోధ్య రామాలయం తలుపుల కోసం 2023లో వెళ్లింది చంద్రపూర్ టేకే. ఏది కొన్నా బిల్లు తీసుకోండి. ఏ రకమో, ఎక్కడిదో అందులో రాయించుకోండి. అనుమతి పత్రాల్లేని అడవి కలప చవకగా వస్తోందని ఆశపడితే తర్వాత కేసు చుట్టుకునేది కొన్నవారికే.

లెక్క తెలిస్తే నష్టం లేదు

టేకును ఘనపుటడుగుల్లో అమ్ముతారు. మన గోడ కొలత చదరపుటడుగుల్లో ఉంటుంది. తికమక అక్కడే! 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గోడ అంటే 108 చదరపుటడుగులు. చిత్రిక పట్టాక చెక్క అరంగుళం మందం రావాలంటే ముప్పావు అంగుళం కోయించాలి. 108ని ముప్పావుతో గుణించి 12తో భాగిస్తే 6.75 ఘనపుటడుగులు. కోత, చిత్రిక, పనికిరాని ముక్కల కింద పావు వంతు కలుపుకుంటే దాదాపు ఎనిమిదిన్నర. రీపర్లు దీనికి అదనం. ఈ లెక్క కాగితం జేబులో ఉంటే ‘పదిహేను పడుతుంది సార్’ అన్నప్పుడు ఎందుకని అడగగలుగుతాం.

చెక్కకు కాస్త చోటివ్వండి

చెక్క గాలిలో తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. పొడవులో ఈ మార్పు లెక్కలోకి రాదు, వెడల్పులోనే తెలుస్తుంది. ఆరంగుళాల చెక్క ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు పెరిగిందనుకుందాం. 12 అడుగుల గోడకు అలాంటివి 24. అన్నీ కలిస్తే దాదాపు అంగుళం! వెళ్లడానికి చోటు లేకపోతే ముందుకు ఉబ్బక ఏం చేస్తుంది పాపం? పెదనాన్న గోడకు జరిగింది అదే.

అందుకే బాగా ఆరిన కలపే కొనాలి. వడ్రంగి దగ్గర తేమ చూసే మీటరు ఉంటే 10, 12 శాతం దగ్గర ఉందేమో చూడమనండి. కొన్నాక వారం పది రోజులు అదే గదిలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చాలి. వేసవిలో బిగిస్తుంటే గాడిలో కాస్త వదులుంచాలి. వానల్లో అయితే దగ్గరగా బిగించవచ్చు, ఎండలకు ఎలాగూ ఎడం వస్తుంది. గోడ చివర్లలో, నేల దగ్గర, పైన పావంగుళానికి తగ్గకుండా ఖాళీ వదిలి బీడింగ్‌తో కప్పించండి.

చెక్కలు నిలువుగా వస్తే రీపర్లు అడ్డంగా, అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంతో కొట్టాలి. రీపర్లకూ మంచి కలపే వాడి, చెదల మందు పట్టించాలి. వెనక గాలి కదలడానికి వాటి మధ్య దారి వదలాలి. ఇంకో ముఖ్యమైన మాట... పాలిష్ ముందువైపే వేస్తే వెనక వైపు తేమ పీల్చి చెక్క వంగిపోతుంది. బిగించకముందే వెనకా ఒక పూత వేయించండి.

తలపైన బరువు

సీలింగ్‌కైతే జాగ్రత్త రెట్టింపు ఉండాలి. 120 చదరపుటడుగులకు అరంగుళం టేకు వేస్తే చెక్క బరువే 90 కిలోల పైమాట. స్లాబులోకి దిగే యాంకర్ బోల్టులే దీనికి ఆధారం. మేకులను నమ్ముకోవద్దు. ఫ్యాను స్లాబు కొక్కేనికే వేలాడాలి, చెక్కకు కాదు. వైర్లన్నీ గొట్టాల్లోనే వెళ్లాలి, అతుకులు చెక్క వెనక ఉండకూడదు. తర్వాత ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టడానికి ఒక చిన్న తలుపూ ఉంచుకోవాలి. డాబా మీద నీళ్లు నిలుస్తుంటే ఆ సంగతి తేలేదాకా సీలింగ్ మాటే ఎత్తొద్దు.

ఇంత ఖర్చు వద్దనుకుంటే ప్లైవుడ్ మీద పల్చటి టేకు పొర అంటించిన వెనీర్ ఉంది. పెద్దగా ఉబ్బదు, కుంచించుకుపోదు. చూడ్డానికి టేకే. తడి తగిలే అవకాశం ఉన్న చోట దాని వెనక ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్ వాడాలి.

పెద్దమ్మ దాచిన తలుపు

పెదనాన్న గోడ ఇప్పుడు బాగుంది. పైపు మార్చారు, గోడ ఆరనిచ్చారు, రీపర్లు కొత్తవి వేశారు. పాడవని చెక్కలు ఏరి వదులుగా మళ్లీ బిగించారు. అయితే అవి గోడకు సరిపోలేదు. ఒక పక్కన మూడడుగుల ఖాళీ మిగిలింది.

అప్పుడు పెద్దమ్మ నోరు విప్పింది. ఊళ్లో తాతయ్య ఇల్లు పడగొట్టినప్పుడు దూలాలు, వాసాలు అన్నీ పాత కలప వ్యాపారికి గుత్తగా అమ్మేశారు. ఆ డబ్బుకు నాలుగింతలు పెట్టి ఈ కొత్త టేకు కొన్నారు. తరాలపాటు ఆరిన కలపకు మించింది ఏముంటుంది? మేకులు పీకించి కోయించుకుంటే గోడకు అంతకన్నా నమ్మకమైన చెక్క దొరకదు. ఆ రోజు ఆమె మాట ఎవరూ వినలేదు. పోట్లాడి ఒక్క వీధి తలుపు మాత్రం దాచుకుంది.

ఆ తలుపు రెక్కలే ఇప్పుడు ఆ మూడడుగుల్లో ఉన్నాయి. పక్క చెక్కలతో రంగు కలవదు. గడియ పెట్టిన గుంట అలాగే కనిపిస్తుంది. ఇంటికి వచ్చినవాళ్లు మాత్రం ముందు తడిమేది దాన్నే!