బయానా ఇచ్చేముందు కొలత వేయించండి!

పలాస, కాశీబుగ్గ, టెక్కలి పట్టణాల్లోనూ, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి ఊళ్లలోనూ ఇల్లో, ఇంటి స్థలమో కొనబోతున్న అక్కలారా, అన్నలారా, తమ్ముళ్లారా!

2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు శంకుస్థాపన అయింది. అప్పటినుంచి మన దిక్కున సెంటు ధర ఎవరి నోట విన్నా కొత్త అంకే. ధరతోపాటు తొందరా పెరిగింది. ‘ఇవాళ బయానా ఇవ్వకపోతే రేపు ఇంకొకరు తన్నుకుపోతారు’ అంటాడు మధ్యవర్తి. గల్ఫ్‌లోనో, ముంబయిలోనో, మిలిటరీలోనో ఉన్న కొడుకు ఫోన్లో సరేనని డబ్బు పంపేస్తాడు. కాగితాలు చూసేవారు పదిమంది ఉంటారు, నేల కొలిచేవారు ఒక్కరుండరు. మేం చెప్పేది ఒక్కటే: కొలత పడేదాకా పైసా కదలనివ్వకండి.

రిజిస్ట్రేషన్ అయిపోతే ఇక భయం లేదనుకుంటారు చాలామంది. సబ్ రిజిస్ట్రారు మీ స్థలానికొచ్చి టేపు పట్టరు. అమ్మేవారు రాయించిన సెంట్లే, రాయించిన హద్దులే దస్తావేజులోకి ఎక్కుతాయి. ఐదు సెంట్లంటే 242 గజాలు. నలభై అడుగుల వెడల్పు, యాభై నాలుగున్నర అడుగుల పొడవు అనుకోండి. పొడవునా పక్కింటి ప్రహరీ మూడడుగులు లోపలికి వచ్చి ఉంటే పోయేది 18 గజాలు. మీ వీధిలో గజం ధర ఎంతో మీకే తెలుసు, లెక్క కట్టి చూడండి.

ఇంట్లో ఉన్న పాత దస్తావేజు తీసి చదవండి. తూర్పు ఫలానా వారి జీడితోట, పడమర కొబ్బరి వరస, ఉత్తరం పుంత, దక్షిణం గెడ్డ. ఉద్దానంలో హద్దులు ఇలాగే రాసుకున్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఆ జీడిచెట్లనీ కొబ్బరిచెట్లనీ వేళ్లతో పెకలించింది. మొద్దులు తీసేశాక వేసిన కొత్త మొక్క పాత గోతిలోనే పడిందని ఇప్పుడెవరు చెప్పగలరు? చెట్టును నమ్మి కొనే కాలం ఆ తుపానుతో పోయింది.

ఊరి నడుమ పాత ఇల్లు కొనేవారికి ఇంకో చిక్కు. గ్రామకంఠానికి పాత సర్వే పటంలో బయటి గీతే ఉంటుంది, లోపల ఏ ఇల్లు ఎవరిదో ఉండదు. వరస ఇళ్లకు గోడ ఉమ్మడి. ఆ గోడ మొత్తం మీదా, సగమా? చూరునీళ్లు ఎటు పడాలి? పెరటి దారిలో ఎవరెవరు నడుస్తున్నారు? కొలతతోపాటు ఇవన్నీ పొరుగువారి సంతకాలతో రాయించుకోండి.

మీసేవలోగానీ సచివాలయంలోగానీ ఎఫ్‌-లైన్ దరఖాస్తు పెట్టించండి. హద్దులు కొలిచి చూపించమని అడగడమే అది. భూమి ఎవరి పేరిట ఉందో వారే పెట్టాలి కాబట్టి అమ్మేవారిని బయానాకు ముందే అడగండి. డబ్బు చేతిలో పడ్డాక ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు. సర్వేయరు చుట్టుపక్కల వారికి నోటీసులిచ్చి, ఎఫ్‌ఎంబీ (పాత సర్వే కొలతల పుస్తకం) పటం పట్టుకుని వస్తారు. ఆ రోజు మీరు అక్కడ ఉండి తీరాలి. ముందు పటంలో చూపిన పాత రాళ్లు దొరకాలి. ఎండిన జీడాకుల కింద ఇసకలో కూరుకుపోయి ఉంటాయి, గునపం పెట్టి తవ్వించండి. ఆ రాళ్లనుంచి కొలిస్తేనే నిలబడుతుంది. పక్కవారి కంచె దగ్గర టేపు మొదలుపెడితే అది కొలతే కాదు. పాత పటాల్లో అంకెలు లింకుల్లో ఉంటాయి, వంద లింకులంటే 66 అడుగులు. తొందరుంటే ప్రైవేటు సర్వేయరును పిలవండి, టోటల్ స్టేషన్‌తో కొలిచి పటం గీసిస్తారు, అది మంచిదే. కానీ రేపు తగవు కోర్టుకెక్కితే, నోటీసులిచ్చి కొలిచిన ప్రభుత్వ సర్వేయరు రిపోర్టుకే బలం ఎక్కువ.

రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు వచ్చింది. రెండింటి విస్తీర్ణం పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరు ముగ్గురికి కలిపి ఒకే ఎల్‌పీఎం పడి ఉంటే, విడగొట్టించి ఇచ్చాకే కొంటామని గట్టిగా చెప్పండి.

కొలత హద్దు చెబుతుంది, హక్కు చెప్పదు. ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల, తనఖాల పత్రం) తీయించండి. ఆ స్థలం సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, డి-పట్టానో, చెరువు గర్భమో, బీల భూమో ఆరా తీయండి. బారువ, భావనపాడు వైపు సముద్రం దగ్గర కొనేవారు మరీ జాగ్రత్త: పోటు గీతనుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జడ్ (తీర నియంత్రణ మండలం) నిబంధనలు ఉంటాయి, ఆ దూరం కూడా కొలిపించాలి.

అమ్మేవారికీ ఒక మాట. సర్వే అడిగితే మిమ్మల్ని అనుమానించినట్టు కాదు, నొచ్చుకోకండి. కొలిచి అమ్మిన స్థలం గురించి మీ పిల్లలు కోర్టు మెట్లెక్కే అవసరం రాదు.

దూరాన ఉండి డబ్బు పంపే బిడ్డలారా! కొలత రోజు వీడియో కాల్ చేయించుకోండి. నాలుగు మూలల రాళ్ల ఫొటోలు, సర్వేయరు సంతకంతో పటం మీ ఫోనుకు వచ్చాకే బయానా పంపండి.

ఈ నెలలో కొనబోయేవారు రేపే అమ్మేవారిని వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లండి. ఈ కాగితం చదివి పారేయకుండా, ఇల్లు వెతుక్కుంటున్న మరొకరి చేతిలో పెట్టండి.