విజ్ఞానమూ – వాయిదాలూ

"సులభ వాయిదాలు" అన్న మాట వినగానే మనకు మిక్సీ, టి.వి., మోటారు సైకిలు జ్ఞాపకం వస్తాయి. పుస్తకం జ్ఞాపకం రాదు. డబ్బున్నవాడు పుస్తకం ఒక్కసారిగా కొంటాడు, లేనివాడు కొననే కొనడు అన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. అందులోనూ విజ్ఞాన సర్వస్వమంటే చెప్పనే అక్కర్లేదు. అది గ్రంథాలయంలో అద్దాల బీరువాలో, తాళం వెనకాల ఉండవలసిన వస్తువు!

కాని ఒకప్పుడు అలాంటి గ్రంథాన్ని కాయకష్టం చేసేవాడి ఇంటికి, అతని వారం కూలిలో ఒక చిన్న నాణెం ఖరీదుకి చేర్చాలని కొందరు పూనుకున్నారు. ఆ ప్రయత్నం ఎక్కడ నెగ్గింది, ఎక్కడ దెబ్బతింది అన్నది మనబోటి విద్యార్థులు ఆలోచించవలసిన విషయమని నా అభిప్రాయం. నేను చదివేది బి.ఎస్సి., పుట్టింది వ్యవసాయదారుల ఇంట. అంచేత ఈ సంగతిని లెక్కలతోనూ చూస్తాను, కల్లం దగ్గర నిలబడి కూడా చూస్తాను.

1826లో ఇంగ్లండులో హెన్రీ బ్రూమ్ మొదలైన పెద్దలు "ఉపయుక్త విజ్ఞాన వ్యాప్తి సంఘం" ఒకటి స్థాపించారు. ఆ సంఘం పక్షాన చార్లెస్ నైట్ అనే ప్రచురణకర్త 1832లో "పెన్నీ మేగజైన్" అనే వారపత్రికను, 1833 జనవరిలో "పెన్నీ సైక్లోపీడియా"ను ప్రారంభించాడు. దీనికి సంపాదకుడు జార్జి లాంగ్. వారానికి ఎనిమిది పేజీలు, వెల ఒక్క పెన్నీ. వారం వారం కొని దాచుకుంటే, కొన్నాళ్ళకు బైండు చేయించుకోవడానికి ఒక సంపుటం తయారవుతుంది.

పెన్నీ అంటే ఎంత? అప్పటి లెక్కలో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. అదే రోజుల్లో డార్సెట్ ప్రాంతపు టాల్‌పడిల్ గ్రామంలో వ్యవసాయ కూలీల వారపు కూలి 9 షిల్లింగుల నుంచి 8కి, 8 నుంచి 7కి దిగజారింది. ఇంకా 6కి దించుతామన్నారు. దాని మీద సంఘం పెట్టుకున్న పాపానికి 1834లో ఆరుగురు కూలీలను ఆస్ట్రేలియాకు ప్రవాస శిక్ష మీద పంపించారు. 7 షిల్లింగులంటే 84 పెన్నీలు. అంటే ఆ కూలివాడికి కూడా పెన్నీ సైక్లోపీడియా తన వారం సంపాదనలో 84వ వంతు. కష్టమే గాని, అసాధ్యం కాదు.

ఫలితం ఏమయింది? ప్రారంభంలో 75,000 ప్రతులు అమ్ముడుపోయాయి! అవన్నీ కూలీలే కొన్నారని నేననను. చేతిపనివాళ్ళు, చిన్న గుమాస్తాలు, కొట్లవాళ్ళు చాలామంది ఉండే ఉంటారు. ఏమైతేనేం, "సామాన్యుడికి విజ్ఞానం మీద ఆసక్తి లేదు" అనే పెద్దమనుషుల వాదానికి ఆ అంకె ఒక్కటే సమాధానం.

అయితే అసలు కథ ఆ తరువాతే ఉంది. నైట్ మొదట అనుకున్న ప్రణాళిక చిన్నది. రాసేవాళ్ళు పెరిగారు, వ్యాసాలు పెరిగాయి. గ్రంథం 1843లో ముగిసేసరికి, అనుబంధాలు కాక 27 సంపుటాలైంది. సంపుటానికి సుమారు 500 పేజీలు వేసుకోండి. 13,500 పేజీలు. వారానికి 8 పేజీల చొప్పున అచ్చువేస్తే ఎన్నాళ్ళు పడుతుంది? ముప్పై రెండేళ్ళు! మొదటి సంచిక కొన్నవాడి మనవడు చివరి సంచిక కొనుక్కోవాలి. అందుకని ఏడాది తిరిగేసరికి వారానికి రెట్టింపు పేజీలు, రెండు పెన్నీలు చేశారు. మూడేళ్ళ తరువాత నాలుగింతలు పేజీలు, నాలుగు పెన్నీలు చేశారు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు పెన్నీలవగానే అమ్మకం 75,000 నుంచి 55,000కు పడింది. ఆ పైన 44,000 అయింది. నాలుగు పెన్నీలయ్యాక క్రమంగా 20,000కు దిగింది. వారానికి వసూలైన డబ్బు లెక్కగడితే మొదట 75,000 పెన్నీలు, ఆఖర్న 80,000 పెన్నీలు. డబ్బులో తేడా లేదు. మనుషుల్లోనే తేడా! 55,000 మంది దారిలో దిగిపోయారు. మన టాల్‌పడిల్ కూలివాడికి 84వ వంతుగా ఉన్న ఖర్చు 21వ వంతయింది. దిగిపోయినవాళ్ళెవరో వేరే చెప్పాలా?

పోనీ నైట్ లాభపడ్డాడా అంటే అదీ లేదు. రాసేవాళ్ళకు, అచ్చుకు ఖర్చు నాలుగింతలయింది. దానికితోడు కాగితం మీద ప్రభుత్వం పన్ను. ఈ ఒక్క గ్రంథం మీదే 16,500 పౌన్లు కాగితం సుంకం కట్టానని నైట్ లెక్క చెప్పాడు. మొత్తం మీద 30 వేల పౌన్లకు పైగా నష్టం వచ్చింది. ఆయన దుర్మార్గుడేం కాదు. మంచి గ్రంథం ఇవ్వాలనే తాపత్రయంతోనే గ్రంథాన్ని పెంచాడు. కాని కొనేవాడితో చేసుకున్న ఒప్పందం పెన్నీకి. గ్రంథం ఎంత గొప్పదైతేనేం, ఆ పెన్నీ మాట పోయింది.

దీనికి పక్కనే ఇంకొక ఉదాహరణ ఉంది. ఎడింబరోకు చెందిన ఛేంబర్స్ సోదరులు తమ విజ్ఞాన సర్వస్వాన్ని 520 వారపు భాగాలుగా, భాగం ఒకటిన్నర పెన్నీకి ఇచ్చి 1868లో పది సంపుటాలుగా ముగించారు. పేజీలు 8,320. అంటే భాగానికి సరిగ్గా 16 పేజీలు. 520ని ఒకటిన్నరతో హెచ్చవేస్తే 780 పెన్నీలు, అనగా 3 పౌన్ల 5 షిల్లింగులు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే వెల! పదేళ్ళ పాటు మాట నిలబెట్టుకున్న గ్రంథమది. కాగితం సుంకం కూడా 1861లో రద్దయి వాళ్ళకు కలిసొచ్చిందనుకోండి. అయినా నాకు తోచిన ముఖ్యమైన తేడా అది కాదు. ఎంతలో మొదలుపెట్టారో అంతలోనే ముగించారు.

మన తెలుగు సంగతికి వద్దాం. కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులలో ఒకరు. ఒంటిచేత్తో అన్నంత పనిగా "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము" తలపెట్టారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. మూడూ "అ" అక్షరంతోనే సరిపోయాయి! 1923లో, 46 ఏళ్ళకే ఆ మహనీయుడు కన్నుమూశారు. ఆయన పాండిత్యానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. నేను చెప్పేది అకారాది క్రమం గురించి. విడతలుగా వచ్చే గ్రంథానికి అకారాది క్రమం పండితుడికి సౌకర్యం, రైతుకు శిక్ష. వరి గురించి తెలుసుకోగోరినవాడు "వ" దాకా ఎదురుచూడాలి. తరువాతి రోజుల్లో తెలుగు భాషాసమితి విజ్ఞాన సర్వస్వాన్ని విషయాల వారీగా సంపుటాలు చేసింది. అందులో ఒక్క సంపుటం దొరికినా ఒక విషయం చేతికి వస్తుంది. నాకు ఆ పద్ధతే సామాన్యుడికి దగ్గరగా కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పింది ముందు కొంత కొనుక్కుని, తరువాత మరికొంత కొనుక్కునే పద్ధతి. ఇందులో అప్పు లేదు. పని దొరకని వారం మానేయవచ్చు. మానేసినా కొన్నంత మటుకు కొన్నవాడిదే.

వాయిదాల్లో రెండో రకం ఉంది. సరుకంతా ముందు ఇచ్చేసి, డబ్బు తరువాత నెలనెలా రాబట్టేది. 1898లో లండన్ "టైమ్స్" పత్రిక ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా తొమ్మిదో కూర్పును ఈ విధంగానే అమ్మింది. ముందు ఒక గినీ కడితే చాలు, మిగతాది వాయిదాల మీద. మధ్యతరగతి ఇళ్ళలోకి ఆ బరువైన సంపుటాలు అలాగే చేరాయి. అది మంచిదే. కాని ఇదే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో ఇంటింటి అమ్మకంగా మారాక, సేల్స్‌మన్ తాను అమ్మడానికి వచ్చానని చెప్పకుండానే లోపలికొచ్చి కూర్చోవడం దాకా పోయింది. బ్రిటానికా మనుషులు తాము అమ్మకానికే వచ్చామని తెలిపే కార్డు ముందుగా చూపించి తీరాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1976లో ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఇంటికి వచ్చి అమ్మిన సరుకు విషయంలో కొన్నవాడు మూడు రోజుల్లో మనసు మార్చుకోవచ్చునన్న నిబంధన అంతకు ముందే, 1974లో అమలులోకి వచ్చింది. పిల్లల చదువు మీద తల్లిదండ్రులకున్న ఆశను ఆసరా చేసుకుని సంతకం పెట్టించుకోవడం ఎంత తేలికో ఈ ఉత్తర్వులే సాక్ష్యం.

"అదంతా పాత కథ గదా, బ్రిటానికా అచ్చే 2012లో ఆగిపోయింది" అని మీరనవచ్చు. గ్రంథం పోయింది గాని, గుమ్మంలో నిలబడే మనిషి పోలేదు! మా ఊళ్ళో వరసకు బాబాయి అయ్యే రైతు ఒకాయన ఉన్నాడు. రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు టై కట్టుకుని వచ్చి, పిల్లవాడికి నాలుగు ప్రశ్నలు వేసి, "మీవాడు చురుకైనవాడండీ, సరైన కోచింగు లేదంతే" అన్నాడు. ఒక ట్యాబు, అందులో పాఠాలు. మొత్తం ఒక ఫైనాన్సు వాళ్ళ అప్పు. ప్రతి నెలా అయిదో తారీకున బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే పోతుంది. బాబాయి పత్తి వేస్తాడు. తీతలు మొదలయ్యేదాకా ఆయన ఖాతాలో ఏముంటుంది? రెండు వాయిదాలు తప్పాయి. తప్పినందుకు జరిమానా, జరిమానా మీద పన్ను. పాఠాలు ఆగిపోయాయి, అప్పు ఆగలేదు. పిన్ని ఒకటే మాటంది: "ఎరువుల కొట్టాయన నయం గదరా, పంట వచ్చేదాకా ఆగుతాడు."

పిన్ని చదువుకోలేదు. అయినా అర్థశాస్త్రం అంతా ఆ మాటలోనే ఉందని నాకనిపించింది. నెలనెలా వాయిదా అన్నది నెలజీతగాడి కోసం పుట్టిన లెక్క. కూలివాడికి డబ్బు వారానికొస్తుంది. రైతుకు పంటకొస్తుంది. మన పల్లెల్లో వడ్రంగికీ, కమ్మరికీ, చాకలికీ, మంగలికీ ఏడాది పొడుగునా చేసిన పనికి కల్లంలో ధాన్యం కొలిచి మేర ఇచ్చేవారు. ఆ ఏర్పాటులో కులం బరువుంది, అన్యాయముంది, అది తిరిగి రావాలని ఎవరూ కోరరు. కాని చెల్లింపు రోజు పంట రోజుతో ముడిపడాలన్న ఇంగితం అందులో ఉంది. పెన్నీ సైక్లోపీడియాకు మొదట్లో ఉన్న బలమూ అదే. వారం కూలివాడికి వారం వెల!

ఇంకొక మాట కూడా వినిపిస్తుంది. "ఇప్పుడు ఫోనులో అన్నీ ఉచితమే, ఇంకా ఈ గొడవేమిటి?" అని. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. దానికి వెల లేదు. రాస్తున్నవారికి కృతజ్ఞతలు. కాని అక్కడికి వెళ్ళే దారికి వెల ఉంది. ఆ వెల కూడా వాయిదాలే! 28 రోజుల రీచార్జి అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు. ఆపేసిన మర్నాడు చేతిలో ఏమీ మిగలదు. పెన్నీ కాగితం అలా కాదు. చూరులో దోపుకున్నా ఇరవై ఏళ్ళకి మళ్ళీ తీసి చదువుకోవచ్చు.

అంచేత నా వాదం ఇది. విజ్ఞానాన్ని శ్రమజీవికి వాయిదాల మీద అమ్మడం తప్పు కాదు, మంచి పని. కాని మూడు షరతులుండాలి. ఒకటి, వాయిదా రోజు కొనేవాడి చేతికి డబ్బొచ్చే రోజుతో కలవాలి. రెండు, మొత్తం ఎంత, ఆఖరు ఎప్పుడు అన్నది మొదటి రోజే తెలియాలి, ఆ మాట మధ్యలో మారకూడదు. మూడు, ప్రతి విడతా తనంతట తాను పనికిరావాలి, మానేసినవాడికి కొన్నంత మటుకు మిగలాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా అమ్మేది విజ్ఞానం కాదు, అప్పే.

ఊరికే విమర్శించి ఊరుకోకుండా మన విద్యార్థి సంఘానికి ఒక సూచన చేస్తాను. మనం సైన్సు చదువుతున్నాం. మన నాన్నలు ఏళ్ళ తరబడి 20-20-0-13 అని రాసి ఉన్న బస్తాలు మోస్తున్నారు. అందులో చివరి 13 గంధకమని ఎంతమందికి చెప్పాం? పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తుల్లో ఎరుపు అన్నిటికన్నా ప్రమాదమని ఎంతమందికి తెలుసు? భూసార పరీక్ష చీటీ చదవడం, మోటారు స్టార్టరు ఎందుకు ట్రిప్పవుతుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత... ఇలా 24 విషయాలు తీసుకుందాం. ఒక్కొక్కటి ఎనిమిది పేజీల చిన్న పుస్తకం, వెల అయిదు రూపాయలు. పక్షానికొకటి, సంత రోజున అమ్ముదాం. మొత్తం 120 రూపాయలని, 24తో సరి అని మొదటి పుస్తకం మీదే అచ్చు వేద్దాం. రైతుకు పంట వచ్చాక ఇచ్చే వీలుండాలి. తప్పులు దిద్దే భారం మన లెక్చరర్లది. అచ్చులో వచ్చే నష్టాన్ని భరించే గౌరవం పూర్వ విద్యార్థులకు వదిలేద్దాం.

అయిదు రూపాయలు కూడా ఎందుకు, ఉచితంగా పంచవచ్చు గదా అని ఒక మిత్రుడు అడిగాడు. ఊరికే ఇచ్చిన కాగితంలో పకోడీలు కట్టుకుంటారు. డబ్బిచ్చి కొన్నవాడికి "ఇది నాకు అర్థం కాలేదు, మళ్ళీ రాయి" అని మనల్ని నిలదీసే హక్కుంటుంది. చదువుకున్నవాళ్ళం మనం జవాబు చెప్పుకోవలసింది ఆ మనిషికే. సంతలో నిలబడటానికి నేను సిద్ధం. ఇంకెవరొస్తారు?