ఆగిన లారీకి కూలి కట్టండి

ఆంధ్రప్రదేశ్ రవాణా, కార్మిక, హోం, గిరిజన సంక్షేమ శాఖల మంత్రివర్యులకు,

‘పేకాట శిబిరంపై దాడి’ అన్న వార్త మా ఉత్తరాంధ్ర జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాం. ఇంతమంది అదుపులో, ఇంత నగదు స్వాధీనం, ఇన్ని సెల్‌ఫోన్లు, అంతటితో వార్త అయిపోతుంది. పట్టుబడ్డవాళ్లు ఏం చేసుకు బతుకుతారో అందులో ఉండదు. వాళ్లలో లారీ డ్రైవరు ఉంటే, ఆ నగదులో చాలాభాగం అతనిది కానే కాదు. డీజిలుకీ, టోలుకీ, దారిఖర్చుకీ ఓనరు చేతిలో పెట్టిన సొమ్ము. అతనిదంటూ ఉంటే బత్తా ఒక్కటే. సీజయింది ఓనరు డబ్బు, తీర్చాల్సింది డ్రైవరు. ఆ అప్పు ఎక్కడ పుడుతోందో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

లారీల విషయంలో రాష్ట్రంలో విజయవాడ తర్వాత చెప్పుకునే ఊరు సాలూరు. గిరిజన నియోజకవర్గం, కొండ కింద ఊరు. విశాఖ రేవులో సరుకెత్తుకుని విజయనగరం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరిన బండి పి.కోనవలస ఘాట్ ఎక్కి, సుంకి దాటి, కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్, రాయ్‌పూర్ వెళుతుంది. పాత 43వ నంబరు రోడ్డు, మన రాష్ట్రంలో ఇప్పుడు 26. ఈ దారిలో బండి నడిచే గంటలు అందరికీ తెలుసు. ఆగే గంటలే ఎవరి లెక్కలోకీ రావు. రేవు గేటు దగ్గర ఆగాలి. కాటా దగ్గర ఆగాలి. ఫ్యాక్టరీ బయట, లోపలివాళ్లు పిలిచేదాకా ఆగాలి. ఘాట్‌లో ఒక బండికి యాక్సిల్ విరిగితే పైనా కిందా ఉన్నవన్నీ ఆగాలి. అన్‌లోడు అయ్యాక అసలు కథ మొదలవుతుంది. రిటన్ లోడు దొరక్కుండా ఖాళీ బండి దింపితే ఓనరు ఒప్పుకోడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సీరియల్ రాయించుకుని కూర్చోవాలి. అది ఒక పూట కావచ్చు, మూడు రోజులూ కావచ్చు. అన్ని రోజులూ టిఫినూ భోజనమూ టీలూ ఆ బత్తాలోంచే. ఇంటికి పంపాల్సింది అక్కడే కరిగిపోతుంది.

అలా కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? చింతచెట్టు కింద పట్టా పరుస్తారు, మూడు ముక్కలాట మొదలవుతుంది. ‘తిండి ఖర్చయినా లేస్తుంది’ అన్నదే మొదటి ఆలోచన. నలుగురు దొరక్కపోతే క్యాబిన్‌లో పడుకుని ఫోను తీస్తాడు. అందులో ఆడే పోకర్ మన ఊళ్ల ఆట కాదు. లోపలా బయటా తెలుసు, రమ్మీ తెలుసు, మూడు ముక్కలాట తెలుసు. పోకర్‌ను తెచ్చింది ఫోనే. చేరగానే బోనస్ అని కొంత వాళ్లే వేస్తారు, మొదటి ఆట ఊరికే ఆడినట్టుంటుంది. చెట్టు కింద ఆటకు ఒక్క మేలుంది: చీకటి పడితే ఆగుతుంది, పోగొట్టుకున్నవాడి ముఖం పక్కవాడు చూస్తాడు, చాల్లే లేవరా అని చెయ్యిపట్టి లేపే పెద్ద డ్రైవరు ఒకడుంటాడు. ఫోనులో లేపేవాడు లేడు. పైగా ఆ ఫోనులోనే, పక్క బొమ్మ నొక్కితే, అప్పిచ్చే యాప్ కూడా ఉంటుంది.

పేకాటంటే మన పెద్దలకు గుర్తొచ్చేది క్యాసినో. గోవాలో, పణజి దగ్గర మాండవి నదిలో తేలే ఓడల్లో తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి. ఖాట్మండూకీ కొలంబోకీ విమానాల్లో వెళ్లొచ్చేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల గురించి నాకు బెంగ లేదు. లారీ డ్రైవరుకు గోవా అంటే అన్‌లోడింగ్ యార్డు, అంతే. అయితే లారీవాడి కోసమే క్యాసినో కట్టిన చోటు కూడా ప్రపంచంలో ఉంది. అమెరికాలోని లూసియానా రాష్ట్రం 1991లో వీడియో పోకర్‌కు చట్టం చేసి, లారీలు ఆగే బంకుల్లోనే యంత్రాలు పెట్టుకోనిచ్చింది. బంకు ఎంత ఇంధనం అమ్మితే అన్ని యంత్రాలకు అనుమతి, గరిష్ఠం యాభై. డ్రైవరు విశ్రాంతికి ఆగే చోటే ప్రభుత్వ ఖజానాకు రాబడి మార్గమైంది. 1996లో జిల్లాలవారీగా ఓటింగు పెడితే దాదాపు సగం జిల్లాలు మాకొద్దన్నాయి. పర్యాటకం పేరు చెప్పి మన కొండల్లోకి అలాంటి ఆలోచన ఎవరైనా మోసుకొస్తే, ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన చట్టాల సంగతికొస్తే, వాటికి కొదవలేదు. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన తెలుగు నేల మీదిదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై పెట్టిన కేసు, 1968 నాటి రిపోర్టుల్లో ఉంది. మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టం మీద నడిచేదని ఆ తీర్పే తేల్చింది. అంటే క్లబ్బులో చొక్కా నలగకుండా ఆడేది నైపుణ్యం, చెట్టు కింద ఆడేది జూదం. ఆ తేడాను పట్టుకునే కంపెనీలు ఫోనులో రమ్మీనీ పోకర్‌నూ ఏళ్లతరబడి నడిపాయి. తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ పేకాటను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదనను పక్కనపెట్టి, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాడికి మూడేళ్ల వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా. ఏటా 45 కోట్లమంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారన్నది అప్పట్లో కేంద్ర ప్రభుత్వ వర్గాలు చెప్పిన అంచనా.

ఆ చట్టంలో నాకు నచ్చింది ఒకటుంది. ఆడినవాడిని శిక్షించదు. అతన్ని మోసపోయినవాడిగానే చూస్తుంది. మరి మన 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం? అది ఆడినవాడినీ పట్టుకుంటుంది, ముందున్న డబ్బునూ పట్టుకుంటుంది. ఒకే డ్రైవరు ఫోనులో వేలు పోగొట్టుకుంటే కేంద్ర చట్టం దృష్టిలో బాధితుడు, అదే సాయంత్రం చెట్టు కింద రెండు వందలు పెడితే రాష్ట్ర చట్టం దృష్టిలో ముద్దాయి. హోం మంత్రిగారూ, ఈ తేడాకు కారణం మీ శాఖ చెప్పగలదా? శిబిరం నడిపి, ఆటకింత అని కోత తీసేవాడిని పట్టుకోండి, ఎవరూ అడ్డురారు. బత్తా పోగొట్టుకున్నవాడి మీద కేసు పెడితే, వాయిదాకు హాజరు కావడానికి అతను మరో ట్రిప్పు మానుకోవాలి.

ఇప్పుడు అసలు మాట. అరకు దారిలో రైలుకూ రోడ్డుకూ మధ్య తేడా ఒకసారి చూడండి. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దింపే కొత్తవలస–కిరండూల్ లైను మీద, శిమిలిగూడ స్టేషన్లో ఎదురుబండి కోసం గూడ్సు ఆగితే, లోకో పైలట్ ఆ గంటా డ్యూటీలోనే ఉన్నట్టు. సంతకం పెట్టి ఎక్కిన దగ్గర్నుంచి సంతకం పెట్టి దిగేదాకా రైల్వే అతని గంటల్ని లెక్కపెడుతుంది. అదే కొండ మీద, అనంతగిరి ఘాట్‌లో ఆగిన లారీ డ్రైవరు గంట ఎవరి పుస్తకంలోనూ లేదు. ఇద్దరూ మోసేది సరుకే, ఇద్దరిదీ ఎదురుచూపే. ఒకరికే కూలి ఉంది.

చట్టం లేక కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, వారానికి 48 గంటలు అంది. రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గది ఉండాలంది. కానీ అయిదుగురికి తక్కువ పనివాళ్లున్న యజమానికి అది వర్తించేది కాదు. ఒకటీ రెండూ బండ్లున్న ఓనర్లే ఎక్కువైన ఈ పరిశ్రమలో ఎంతమందికి అందింది? ఆ లోపాన్ని సరిచేస్తారనుకుంటే, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ అయిదును పది చేసింది. కన్నం పూడ్చమంటే తలుపు తీసినట్టయింది. లారీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని 2025 అక్టోబరు నుంచి కొత్త బండ్లకు నిబంధన పెట్టారు, మంచిదే. కానీ డ్రైవరు చెమట ఎక్కువగా పట్టేది బండి ఆగి, ఇంజను కట్టేసిన తర్వాత. ఆ సంగతి ఢిల్లీలో ఎవరికీ తట్టినట్టు లేదు.

సరుకుకు మాత్రం గడియారం కట్టారు. ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. దాటితే జరిమానా. ఫాస్టాగ్‌లో ఏ టోలు ఎప్పుడు దాటాడో ఉంటుంది, కాటా చీటీలో గంటా నిమిషమూ ఉంటాయి, రేవు గేటులో లోపలికెళ్లిన వేళా బయటికొచ్చిన వేళా నమోదవుతాయి. డ్రైవరు ఎన్ని గంటలు పడిగాపులు పడ్డాడో లెక్క కట్టడానికి కావాల్సినదంతా ఇప్పటికే ప్రభుత్వం దగ్గరా, రేవు దగ్గరా, ఫ్యాక్టరీల దగ్గరా ఉంది. నేనడిగేది ఇదే. నాలుగు గంటలు దాటి ఆపిన ప్రతి గంటకూ హాల్టింగ్ కూలి, సరుకు పంపినవాడో అందుకునేవాడో డ్రైవరు ఖాతాలో నేరుగా వెయ్యాలని రాష్ట్రం నిబంధన చెయ్యాలి. ఓనరు మీద మోపితే అతను కిస్తీ చూపించి డ్రైవరు బత్తాలోనే కోస్తాడు. చిన్న ఓనరు కూడా పాతరోజుల్లో స్టీరింగు పట్టినవాడే అయి ఉంటాడు, అతన్ని విలన్‌ను చేయడం నాకిష్టం లేదు. గంటకు డబ్బు కట్టాల్సొస్తే ఫ్యాక్టరీ గేటు తొందరగా తెరుచుకుంటుంది.

‘చేతిలో ఇంకొంత పెడితే అదీ ఆడేస్తారు’ అంటారు కొందరు ఓనర్లు. కొందరు ఆడతారు, కాదనను. వ్యసనంలో మునిగినవాడికి కూలి మందు కాదు, వైద్యం కావాలి. పార్వతీపురం, పాడేరు ప్రభుత్వాసుపత్రుల్లో తాగుడుతో పాటు ఈ జబ్బును కూడా అడిగి చూసే డాక్టరు ఉండాలి. కానీ నేను మాట్లాడుతున్నది ఇంకా మునగనివాళ్ల గురించి, పొద్దుపోకా తిండిఖర్చు కోసమూ పట్టా మీద కూర్చునేవాళ్ల గురించి. వాళ్లే ఎక్కువ.

గిరిజన సంక్షేమ మంత్రిగారికి వేరే మాట. మన కొండల కుర్రాళ్లు లారీ ఎక్కేది క్లీనరుగా. రోడ్డుతో పాటు ఆటనూ అక్కడే నేర్చుకుంటారు. కింద నేర్చుకున్నది పైకి వస్తుంది. కాఫీ, మిరియాలు, పసుపు అమ్మిన డబ్బు చేతిలో ఉన్న రోజున, సంతలో జూదానికి బొమ్మల బల్ల వేసుకుని బయటివాడు కూర్చుంటాడు. ఆ బల్లను అక్కడ పెట్టనిచ్చేది ఎవరు? 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంతల నిర్వహణనూ, గిరిజనులకిచ్చే అప్పులపై అదుపునూ గ్రామసభకూ పంచాయతీకీ అప్పజెప్పింది. మన రాష్ట్రం 2011లో నియమాలు కూడా రాసుకుంది. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట సంతల్లో ఆ అధికారం వాడమని గ్రామసభలకు ఒక్క ఉత్తర్వు పంపండి. అప్పులిచ్చే యాప్ గ్రామసభ ముందుకు రాదు కదా అని మీ అధికారులు అనవచ్చు. నిజమే. అందుకే షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడికి ఇచ్చిన యాప్ అప్పు వసూలు చెల్లుతుందా లేదా, 1960 నాటి వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వెలుగులో న్యాయశాఖ చేత తేల్చి చెప్పించండి.

2024 జనవరిలో, ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల జైలన్న సెక్షన్‌పై డ్రైవర్లు రెండు రోజులు బండ్లు ఆపితే, బంకుల్లో పెట్రోలు అయిపోయి ఢిల్లీ దిగివచ్చింది, ఆ సెక్షన్‌ను పక్కన పెట్టింది. ఈ ఉత్తరానికి అంత ఒత్తిడి అవసరం పడకూడదని కోరుకుంటున్నాను. మొదట రెండు చోట్ల చేసి చూడండి. సాలూరులో ఘాట్ ఎక్కేముందు ఒక లారీ యార్డు, 516ఈ రోడ్డు మీద అరకు దగ్గర మరొకటి. మంచాలు, స్నానానికి నీళ్లు, చవక భోజనం, వెలుతురు, పట్టా పరిచి క్యారమ్స్ ఆడుకునే చోటు. పక్కనే ఒక గుమస్తా, వచ్చిన వేళా వెళ్లిన వేళా రాసి, ఆ చీటీపై సంతకం పెట్టి డ్రైవరు చేతికివ్వాలి. హాల్టింగ్ కూలి అడగడానికి అతనికి ముందుగా కావాల్సింది ఆ చీటీయే. దానికి చట్టసభలో బిల్లు అక్కర్లేదు, రవాణా కమిషనరు ఉత్తర్వు చాలు.