ఓరుగంటి కొలువుకూటము, కనబడని అంగడి

కోట చూచి వచ్చినవారిని ఏమి చూచితిరని యడిగినచో గోడల యెత్తును, బురుజుల లెక్కను, రాజుల యుద్ధములను చెప్పుదురు. ఆ కోటలో కాపురమున్నవారు ఉప్పు, పప్పు ఎచ్చట కొనెడివారో, సుంకముల తగవు లెవరు తీర్చెడివారో చెప్పువారు మిక్కిలి అరుదు. ఇల్లు నడుపుకొను మనకు ముందుగా కలుగు సందేహము అదియే గదా! ఓరుగల్లు చూడబోయినపుడు మేము ఈ సందేహమును వెంటబెట్టుకొనియే పోయితిమి. మా బాపులపాటి నుండి విజయవాడకు బస్సు, అచటినుండి రైలు. ప్రయాణము పెద్దది కాదు.

ఐరోపా నగరములందు అంగడి చౌకమునకు ఒక ప్రక్క పురభవన ముండుట పాత ఆచారము. బ్రస్సెల్సు నగరమున 15వ శతాబ్దమునందు కట్టిన పురభవనము నేటికిని అంగడి చౌకము మీదనే నిలిచియున్నది. ఊరి పెద్దలు లోపల కూర్చుండి తీర్పులు చెప్పుచుండగా వెలుపల బేరము సాగెడిది. అట్టిదేమైన మన ఓరుగంట నున్నదా యని వెదకినచో, కనులకు కనబడునది ఒక్క సభాభవనమే. అదియు ఊరివారిది కాదు.

కోట నడుమ నాలుగు దిక్కుల నాలుగు రాతి తోరణములు కలవు. వాని నడుమ నుండిన స్వయంభూదేవుని ఆలయము నేలగూలినది. తోరణములు మాత్రము చెక్కు చెదరలేదు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తన చిహ్నమున నిలుపుకొనినది ఈ తోరణమునే. వానికి పడమటగా కొంచెము దూరమున ఖుష్ మహలు. మహలనగానే అద్దములు, పాలరాయి ఊహించుకొని వచ్చిన పిల్లలు నిరాశపడుదురు. దళసరి గోడలు క్రింద వెడల్పై, పైకి పోను పోను లోపలికి వాలియుండును. పొడవైన ఒకే గది; దాని నడ్డముగా పెద్ద పెద్ద కమానులు; నడుమ నీటి తొట్టి. వేసవి మధ్యాహ్నమున నిచట కూర్చుండువాని సుఖము ఊహించుట కష్టము కాదు.

దీనిని కట్టించినవాడు షితాబు ఖానని స్థానికపు వాడుక. పేరు చూచి పరదేశి యనుకొనరాదు. ఇతడు తెలుగువాడు, సీతాపతి యనుట అసలు పేరు. 1504లో ఓరుగల్లును గెలిచి, కూలిన దేవతలను మరల నిలిపితినని శాసనము వేయించుకొనినాడు. అయితే గోడల వాలును, కమానుల తీరును ఢిల్లీ చెంతనున్న తుగ్లకాబాదు కట్టడములతో సరిపోల్చిన పండితులు, 1323లో కాకతీయ రాజ్యము పడిన పిమ్మట తుగ్లకులు తమకై కట్టుకొన్న కొలువుకూటమే యిది యని తేల్చిరి. మాకును ఆ మాటయే సరియని తోచినది. గెలిచినవాడు కట్టినది, తరువాత గెలిచినవాని పేర చెల్లుట లోకమున కొత్త కాదు.

మరి ఊరివారి సభ యేదీ? దానికి భవనము లేదు, రాయి యున్నది. కోటలో ఖాన్ సాహెబు తోటయను చోట దొరికిన కాకతీయుల నాటి శాసనమొకటి, అంగడిలో ఏయే సరుకు మీద ఎంతెంత సుంకమో వ్రాసియుంచినది. స్వదేశి, పరదేశి వర్తకులు పలువురు కూడి చేసికొన్న కట్టుబాటది. ఆ సరుకుల పట్టిక చదువుచుండగా మా వంటయింటి అల్మరా తలుపు తీసినట్లే యుండెను. వడ్లు, జొన్నలు, గోధుమలు, పెసలు, నువ్వులు, నూనె, నేయి, ఉప్పు, బెల్లము, ఆవాలు, పసుపు, అల్లము, ఉల్లి, చింతపండు, కొబ్బరికాయలు. మామిడికాయలు సైత మున్నవి! నూజివీటి తోటల చెంత పుట్టి పెరిగినవారము గనుక ఆ మాట కడ మేము కొంతసేపు ఆగిపోయితిమి. హనుమాన్ జంక్షను మీదుగా లారీలపై పోవు రసములకును, బంగినపల్లి కాయలకును పూర్వులున్నట్లు తెలిసి గర్వము కలిగినది.

పట్టికలో మిరియము కలదు, మిరపకాయ లేదు. ఉండదు గూడ. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారు 1498లో మన తీరమునకు దారి కనుగొన్న పిమ్మటనే యిటు వచ్చినది. కావున రుద్రమదేవి యేలుబడిలో ఏ ఇల్లాలైన మామిడికాయ ఊరవేసినచో కారము మిరియముతోను, ఆవపిండితోను రావలసినదే. ఎఱ్ఱని ఆవకాయ లేని ఓరుగల్లును తలచికొనుట మాకు ఖుష్ మహలును తలచికొనుటకంటె కష్టమైనది.

అదే పట్టికలో చందనము, కస్తూరి, ఏనుగు దంతము, పట్టు కూడ నున్నవి. దూరపు సరుకులు కాకతీయ రాజ్యమునకు వచ్చు రేవులలో పేరు గలది తూర్పు తీరమునందలి మోటుపల్లి. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన సరుకును రాజులు లాగికొనుచుండిన కాలమున, ఇకమీద అట్లు చేయము, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందుమని గణపతిదేవుడు 1244లో అచట అభయశాసనము వేయించెను. సముద్రపు వర్తకులకు అంతకంటె వలసిన దేమున్నది?

అంగడి వీథులు నడచి చూడవలె ననిన క్రీడాభిరామము చదువవలెను. ప్రతాపరుద్రుని నాటి ఓరుగంటిలో ఇరువురు మిత్రులు ఒక దినమెల్ల తిరుగుట ఆ గ్రంథపు కథ. స్త్రీలు చదువరాదని కొందరు పెద్దలు దానిని దాచుదురు. మా తండ్రిగారు కొన్ని పుటలు విడిచి చదువుమని చేతికిచ్చిరి; విడిచితిమో లేదో అది వేరు సంగతి. అందొక పూటకూటి ఇల్లు కలదు. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు, ఇన్నియు ఒక్క రూకకు! వండిన ఇల్లాలి మాట కవి యెత్తలేదు. ఇంటి యజమాని పేరు మాత్రము చెప్పినాడు.

కొలువుకూటమునకు కాపలా యున్నది, పురావస్తు శాఖవారి పలక యున్నది. అంగడికి సాక్ష్యము చెప్పవలసిన రాళ్లకు అన్ని చోట్ల నట్టి భాగ్యము లేదు. ఎన్నియో ఊళ్లలో శాసనపు బండలు గుమ్మముల ముందు మెట్లైనవి, బట్టలుదుకు రాళ్లైనవి. కోవెల గోడలలోనివి ఏటేటి సున్నములో మునిగిపోయినవి. మన ఊరి గుడికి పండుగనాడు సున్నము కొట్టింపబోవునపుడు ముందుగా చేతితో గోడ తడవి చూడుడు. వ్రేళ్లకు అక్షరములు తగిలినచో ఆ మేర విడిచిపెట్టించి, పురావస్తు శాఖకు ఒక జాబు వ్రాయింపుడు. ఏ యూరి సంతలో మామిడికాయల సుంకమెంతయో అందు ఉండవచ్చును.