బర్రెకు లేని కులం పూచీకత్తుకు ఉంది

ఏ మాదిగవాడకు వెళ్లినా ఇటువంటి కుటుంబం ఒకటి కనిపిస్తుంది. భర్త పెద్దరైతు దొడ్లో ఏళ్ల తరబడి జీతం ఉన్నవాడు. భార్య అదే దొడ్లో పేడ ఎత్తి, పచ్చిగడ్డి కోసి వేసిన మనిషి. బర్రె ఎప్పుడు ఎదకు వస్తుందో, మేత ముట్టకపోతే ఏ జబ్బు చేసిందో వారికి తెలిసినంతగా యజమానికి తెలియదు. ఆ ఇద్దరూ సొంతానికి రెండు పాడి బర్రెలు కొనుక్కోవడానికి బ్యాంకు మెట్లెక్కితే ఎదురయ్యే మొదటి ప్రశ్న: ‘పట్టాదారు పాసుపుస్తకం ఉందా?’ రెండవది: ‘పూచీ ఎవరు?’

ఈ ప్రశ్నల్లో కులం పేరు వినిపించదు. కానీ తరతరాలుగా భూమి ఎవరికి దక్కలేదో ఆ లెక్కంతా వాటిలో ఇమిడి ఉంది. భూమి లేకపోవడం ఆ కుటుంబం చేసిన తప్పు కాదు, దానికి జరిగిన అన్యాయం. ఆ అన్యాయాన్నే అనర్హతగా చూపడం ఒకే శిక్షను రెండుసార్లు విధించడమే.

నిబంధనలు పేదలకు అనుకూలంగానే ఉన్నాయంటారు. కాగితం మీద నిజమే. వ్యవసాయ, అనుబంధ రంగాలకు తాకట్టు లేకుండా ఇచ్చే రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షలకు పెంచింది. చిన్న రుణాన్ని నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని 2003లోనే ఆదేశించింది. ఆచరణలో ‘మళ్లీ రండి’ అన్న నోటిమాటే సమాధానం. కాగితం లేదు కనుక ఫిర్యాదుకు ఆధారమూ లేదు. పశుపోషకులకు విస్తరించిన కిసాన్ క్రెడిట్ కార్డు మేత, మందుల వంటి నిర్వహణ ఖర్చులకే. పశువు కొనడానికి కాదు. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా దళితులు, ఆదివాసులు, మహిళల కోసమే అయినా, 2025 మార్చిలో గడువు ముగిసేదాకా రూ.10 లక్షలతోనే మొదలయ్యేది. రెండు బర్రెలు చాలనుకునే మనిషికి ఈ రెంటి నడుమ చోటు దొరకలేదు. ఎస్సీ కార్పొరేషన్ రాయితీ ఉందంటే, అదీ బ్యాంకు సమ్మతితో ముడిపడి ఉంటుంది.

అప్పు దొరికినా కథ ముగియదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో అంటరానితనంపై జరిపిన సర్వే 2006లో పుస్తకంగా వెలువడింది. పాల సహకార సంఘాలకు దళితులు పాలు పోయకుండా అనేక గ్రామాల్లో అడ్డుకుంటున్నారని అది నమోదు చేసింది. దళితురాలు యజమాని బర్రెను పిండితే లేని మైల, తన బర్రెను పిండితే ఎక్కడి నుంచి వస్తోంది? పాలకు కాదు, ఆమె యాజమాన్యానికే అభ్యంతరం.

భూమితో నిమిత్తం లేకుండా జీవాలను ఇవ్వడం ప్రభుత్వానికి అసాధ్యం కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీపై గొల్ల కురుమలకు గొర్రెలు పంచింది. కులవృత్తిని గుర్తించిన ఆ చేయి, కులం పేరిట వెట్టిగా సాగిన పశుపోషణ నైపుణ్యాన్నీ గుర్తించాలి. కొన్న పశువునే హామీగా స్వీకరించాలి. కార్పొరేషనే పూచీ నిలవాలి. తిరస్కరణను రాతలో ఇవ్వాలి. పాడి రుణాల లెక్కలను శాఖలవారీగా, కులాలవారీగా వెల్లడించాలి. పాల సేకరణ కేంద్రం వాడలోకి రావాలి.

ఆ కుటుంబం దానం అడగడం లేదు. ఇన్నాళ్లూ ఇతరుల దొడ్లో చేసిన పనినే తన గుడిసె ముందు చేసుకునేందుకు, తిరిగి చెల్లించే అప్పు అడుగుతోంది.