చెప్పుల బండికి మార్కులెందుకు పడవు?

వాడ పిల్లలకు సైన్సు బుర్రకెక్కదట! తెగిన చెప్పును గుండ్రంగా కోసి చక్రాలు, కందికట్టెతో ఇరుసు, అట్టపెట్టెతో తొట్టి చేసే పిల్లలు వీళ్ళు. ఆ బండి బళ్ళోకొస్తే ‘చెత్త’. పట్నంలో కొన్న బొమ్మకారు మాత్రం సైన్సు ఫేరులో బల్లెక్కుతుంది. బలం, చలనం ఎవడబ్బ సొమ్ము?

మేమూ పంతుళ్ళమే, అడుగుతున్నాం. రెండు మేకులకు రబ్బరు కట్టి, చెప్పుల బండిని దానికానించి వెనక్కి లాగి వదలండి. ఎన్ని జానలు పోయిందో కొలవండి. అంతే లాగి, ఈసారి రాళ్ళేసి వదలండి. దూరం తగ్గుతుంది. ఇసుకలో ఇంకా ముందే ఆగుతుంది. ఇరుసుకు చుక్క ఆముదం వేస్తే బాగా సాగుతుంది. బూర ఊది కట్టి వదిలితే గాలి వెనక్కి, బండి ముందుకి. 1687లో న్యూటన్ అచ్చేసిన సూత్రాలు ఇక్కడే ఉన్నాయి.

మనకిది కొత్తా? మోటబావి దగ్గర ఎడ్లు వాలులో కిందికి నడుస్తూ నీళ్ళు లాగేవి. వాటి బరువే లాగుడుకు తోడయ్యేది. ఆ మోటకు తోలు తొండం కుట్టినవి మాదిగ చేతులు. కుట్టినవాడు బావి గట్టెక్కితే మైల! 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా ప్రయోగం నాడు మన పిల్లలకు బల్లలు మోసే పని చెప్పే బళ్ళు ఇంకా ఉన్నాయి.

అమ్మలారా, అయ్యలారా, సంఘం తమ్ముళ్ళారా! బడి కమిటీలో కూచుని అడగండి. కొన్న బొమ్మకు కాదు, చేసిన చేతికి మార్కులెయ్యాలి. ఇన్‌స్పైర్ మానక్‌లో ఎంపికైన పిల్లకు నమూనా చేయడానికి 10,000 రూపాయలిస్తారు. పేర్లు పంపేది బడే. ఎవరి పేర్లు పంపారో గోడకు అంటించమనండి. అందులో మన పిల్లలెందుకు లేరో నిలదీయండి!